విసుగు చెందకుండా, మనసు దాచకుండా ప్రార్థించడం ఎలా?

మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంది. పొయ్యి వెలిగించే ముందు వంటగదిలో బియ్యం డబ్బా పక్కన పాత దుప్పటి మడత వేసుకుని మోకరిస్తుంది. చిన్నప్పుడు పక్కగదిలో పడుకుని నేను ఆ మాటలు వినేవాణ్ణి. "అయ్యా, రాత్రి కూడా వాడు తాగొచ్చాడు. నేనిక మొయ్యలేను. నువ్వు చూస్తూనే ఉన్నావా? చూస్తుంటే మరి ఊరుకున్నావేంటి?" వాడు అంటే మా అన్నయ్య. ఆ తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు, చాలాసేపు మౌనం, ఆఖర్న అగ్గిపుల్ల గీసిన శబ్దం.

అదే అమ్మను ఆదివారం మందిరంలో ప్రార్థన చేయమంటే "పరిశుద్ధుడవును కృపామయుడవును అయిన మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి దేశాన్ని, సేవకులను, రోగులను, ప్రయాణాల్లో ఉన్నవారిని అందరినీ తలచుకుని ఆమేన్ అనేది. అన్నయ్య సంగతి అందులో ఒక్కసారి కూడా వచ్చేది కాదు. మందిరంలో చేసింది తప్పని నేననను. సంఘంలో అందరి తరఫునా చేసే ప్రార్థనకు ఆ తీరు ఉండాల్సిందే. కానీ అమ్మను ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం వంటగది ప్రార్థనే.

చాలామంది నన్ను అడుగుతుంటారు: "బ్రదర్, ప్రార్థన మొదలుపెడతాను, పది రోజులకే ఆగిపోతుంది, ఏం చేయాలి?" క్రమశిక్షణ లేదని, విశ్వాసం తక్కువని తమను తామే తిట్టుకుంటారు. నాకు అర్థమైనంతలో అసలు కారణం వేరు. లోపల ఉన్నదొకటి, నోటితో చెప్పేదొకటి అయితే ఆ ప్రార్థన ఎక్కువ రోజులు సాగదు. మనది కాని మాట రోజూ చెప్పాలంటే ఎవరికైనా విసుగొస్తుంది.

లూకా సువార్త 18వ అధ్యాయం తెరిచి చూడండి. మొదటి 8 వచనాల్లో న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికి వెళ్లిన విధవరాలి ఉపమానం ఉంది. "విసుకక నిత్యము ప్రార్థన" చేయాలని చెప్పిన ఉపమానం అది. వెంటనే 9వ వచనం నుంచి పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు, సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, దేవాలయానికి వెళ్లిన ఉపమానం. అది నిజం ఒప్పుకునే ప్రార్థన గురించి. పట్టుదల, నిజాయితీ రెండూ లూకాలో ఇలా పక్కపక్కనే ఉన్నాయి. వాటిని విడదీసి నేర్చుకోవాలని చూసినప్పుడల్లా నేను ఓడిపోయాను. కలిపి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఒక చోటు, ఒక సమయం

దీని గురించి ఎక్కువ చెప్పను. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. గంటసేపు చేస్తానని తీర్మానం చేసుకుని నాలుగో రోజు మానేసేకంటే, పదిహేను నిమిషాలు ఏడాది పొడవునా చేయడం మేలు. తెల్లవారుజామే అయి తీరాలన్న నియమం లేదు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఉదయం ఏడింటికి ఇంటికొచ్చి స్నానం చేసిన తర్వాతి సమయం కావచ్చు, చంటిబిడ్డ తల్లికి బిడ్డ మధ్యాహ్నం నిద్రపోయే సమయం కావచ్చు. దానియేలు తన మేడగది కిటికీలు యెరూషలేము వైపు తెరుచుకుని దినానికి ముమ్మారు మోకరించేవాడు. రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చినా "యథాప్రకారముగా" చేశాడని రాసి ఉంది. ఆపద వచ్చాక మొదలుపెట్టినది కాదు, అంతకుముందే ఉన్న అలవాటు.

గది తలుపు వేసుకోమన్నాడు యేసు ప్రభువు. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లలో తలుపు ఎక్కడిది? డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన చేసుకునే వాళ్లను, ఆగి ఉన్న ఆటోలో కూర్చుని చేసుకునే అన్నలను నేనెరుగుదును. ఎవరూ వినరన్న ధైర్యం ఉన్న చోటు వెతుక్కోండి. ఎందుకంటే ఎవరో వింటున్నారనుకుంటే మనం నిజం చెప్పం. ఫోన్ మాత్రం ఇంకో గదిలో పెట్టండి. బైబిల్ యాప్‌లోనే ఉందంటారా, ఆ పదిహేను నిమిషాలకు అచ్చు పుస్తకం వాడండి.

రెండో మెట్టు: ఇంట్లో మాట్లాడే భాషలోనే

మన తెలుగు క్రైస్తవులకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఇది. మన బైబిల్ గ్రాంథిక భాషలో ఉంది. నాకు ఆ భాషంటే ప్రాణం. కీర్తనల్లో ఆ గంభీరత వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ చిన్నప్పటి నుంచి ఆ భాషలోనే ప్రార్థనలు విని విని, ప్రార్థన అంటే అలాగే చేయాలని అనుకుంటాం. మోకరించగానే గొంతు మారుతుంది. "చేయుచున్నాము", "దయచేయుదువు గాక", ప్రతి వాక్యానికీ మధ్యలో "ప్రభువా, ప్రభువా". ఆ మాటల వెనక మన మనసు తేలిగ్గా దాక్కుంటుంది.

ఇలా చేసి చూడండి. మొదటి వారం ఏకాంత ప్రార్థనలో మీ అమ్మతోనో అక్కతోనో ఫోన్‌లో మాట్లాడే తెలుగు తప్ప ఇంకేదీ వాడకండి. శ్రీకాకుళం యాస అయితే అదే, తెలంగాణ యాస అయితే అదే. "తండ్రీ, ఇయ్యాల మస్తు పరేశాన్‌ల ఉన్న" అంటే ఆయనకు అర్థం కాదా? ఇంగ్లీషు మీడియంలో చదివి అమెరికాలో ఉంటున్న పిల్లలు "టెన్షన్‌గా ఉంది నాన్నా, ఇంటర్వ్యూ పోయింది" అన్నా చాలు. నువ్వు అనాలా, మీరు అనాలా అని కొందరు మథనపడతారు. బైబిల్లో "నీవు" అనే ఉంది. ఇంట్లో నాన్నను మీరు అని పిలిచే అలవాటుంటే మీరు అనండి. ఏది అన్నప్పుడు నోరు బిగుసుకోకుండా ఉంటుందో అదే.

సుంకరి ప్రార్థన ఎంత ఉందో చూడండి: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." నాలుగే నాలుగు మాటలు. దూరంగా నిలబడి, కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుంటూ అన్నాడు. పరిసయ్యుడు చెప్పినవి అబద్ధాలు కావు. వారానికి రెండుసార్లు ఉపవాసం నిజమే, పదియవ వంతు ఇవ్వడమూ నిజమే. కానీ తన గురించి నిజంగా చెప్పుకోవాల్సింది ఒక్కటీ చెప్పలేదు.

మూడో మెట్టు: దాచింది బయటపెట్టడం

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి.

దేవునితో కోపంగా మాట్లాడకూడదని, సందేహం చెప్పకూడదని మనకు ఎవరో నేర్పారు. బైబిల్ నేర్పలేదు. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు "ఎంతవరకు" అని మళ్లీ మళ్లీ నిలదీస్తాడు: ఎంతవరకు నన్ను మరచిపోతావు, ఎంతవరకు నాకు విముఖుడవై ఉంటావు. హబక్కూకు పుస్తకం మొదలయ్యేదే ఫిర్యాదుతో: నేను మొరపెట్టినా ఎన్నాళ్లు ఆలకించకుండా ఉంటావని. ఇక 88వ కీర్తన. అందులో చివరికి కూడా వెలుగు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. చాలా కీర్తనల్లో ఏడుపుతో మొదలై స్తుతితో ముగిసే మలుపు ఉంటుంది, ఇందులో లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి తీసేయలేదు. తీసేయనందుకు నేను దేవునికి ఎన్నోసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఎందుకంటే నాకూ అలాంటి రాత్రులు ఉన్నాయి.

హన్నా సంగతి చూడండి. పిల్లలు లేరు. సవతి పెనిన్నా ఏటేటా సూటిపోటి మాటలంటూ ఏడిపించేది. షిలోహు మందిరం దగ్గర ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం రావడం లేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను" అని ఆమె జవాబిచ్చింది. కుమ్మరించడం అన్న మాటను గమనించండి. బిందెను బోర్లిస్తే అడుగున ఉన్న మట్టి కూడా వస్తుంది. మంచినీళ్లు మాత్రమే వంపి మట్టిని లోపలే ఉంచడం కుదరదు.

ఎలా చేయాలో తెలియకపోతే మూడు వాక్యాలతో మొదలుపెట్టండి. మొదటి వాక్యంలో జరిగింది చెప్పండి, ఉన్నదున్నట్టు. రెండో వాక్యంలో దాని వల్ల మీకు ఏమనిపిస్తోందో చెప్పండి. మూడో వాక్యంలో ఏం కావాలో చెప్పండి. ఉదాహరణకు: "మా తోడికోడలి కొడుక్కి సీటొచ్చింది, మావాడికి రాలేదు. నాకు కుళ్లుగా ఉంది తండ్రీ, వాళ్లు స్వీట్లు పంచుతుంటే తినలేకపోయాను. మావాడికి దారి చూపించు, నాలో ఈ కుళ్లు తీసెయ్." రెండో వాక్యం దగ్గరే అందరం తడబడతాం. "బాధగా ఉంది" అని పైపైన అనేసి ఊరుకుంటాం. అది బాధా, భయమా, అసూయా, అవమానమా, కోపమా? అసలు పేరు దొరికే వరకు ఆగండి. పేరు దొరకగానే ఒంట్లో ఏదో సడలినట్టు అనిపిస్తుంది. ఎక్కువసార్లు కన్నీళ్లు వచ్చేదీ అక్కడే.

నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి. కొడుక్కి దయ్యం పట్టిన ఒక తండ్రి యేసుతో "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. ఒకే నోట నమ్ముతున్నాను, నమ్మలేకపోతున్నాను. ముందు పూర్తిగా నమ్మి రమ్మని ప్రభువు అతన్ని వెనక్కి పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు.

పాపం ఒప్పుకోవడం కూడా ఇందులో భాగమే. "తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించు" అని గంపగుత్తగా చెప్పడం తేలిక. "నిన్న ఆఫీసులో నా తప్పును జూనియర్ మీదకు నెట్టాను" అని చెప్పడం కష్టం. కష్టమైనదే చెప్పండి.

నాలుగో మెట్టు: ఏం కావాలో తేల్చి అడగడం

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తుంటే యేసు ఆగి, నేను నీకేమి చేయాలని అడిగాడు. అతను గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా అడిగాడు, అతని నోటితోనే చెప్పించాడు. యేసు చెప్పిన ఇంకో ఉపమానంలో అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టినవాడు "ఏమైనా ఉంటే పెట్టు" అనలేదు. మూడు రొట్టెలు అన్నాడు, లెక్కతో సహా.

"నా కుటుంబాన్ని దీవించు" అని రోజూ అడిగితే, దీవించాడో లేదో మీకెలా తెలుస్తుంది? మా అన్నయ్య విషయంలో నేను చాలా ఏళ్లు "వాణ్ణి మార్చు" అనేవాణ్ణి. తర్వాత విడివిడిగా అడగడం నేర్చుకున్నాను. ఈ శనివారం జీతం వచ్చాక నేరుగా ఇంటికి రావాలి. డీ అడిక్షన్ సెంటర్‌కు వెళ్దామంటే ఒక్కసారైనా సరే అనాలి. వదినకు మళ్లీ నవ్వు రావాలి.

ఇక్కడొక జాగ్రత్త. తేల్చి అడగడం వేరు, బేరం పెట్టడం వేరు. "ఈ పని చేస్తే మొదటి జీతం మొత్తం ఇచ్చేస్తా" అన్న మాటలో దేవుణ్ణి కాంట్రాక్టర్‌ను చేస్తున్నాం. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, పని జరిగినా జరగకపోయినా.

ఐదో మెట్టు: తేదీ వేసి రాయడం

పది రూపాయల నోట్ బుక్ చాలు. ఎడమ పేజీలో మనవి, పక్కన తేదీ. కుడి పేజీ ఖాళీగా ఉంచండి, జవాబు కోసం. జవాబు "అవును" కావచ్చు, "కాదు" కావచ్చు, మనవే మారిపోవచ్చు. ఏదైనా రాయండి, తేదీతో. నెలకోసారి, నేనైతే మొదటి ఆదివారం మధ్యాహ్నం, పాత పేజీలు తిరగేస్తాను. అడిగి మరిచిపోయినవి, జరిగిపోయినా కృతజ్ఞత చెప్పనివి ఎన్నో బయటపడతాయి. మనం అడిగేటప్పుడు ఉన్న ఆత్రం, అడిగింది అందిన తర్వాత ఉండదు.

ఆరో మెట్టు: మళ్లీ మళ్లీ అడగడం

వ్యర్థమైన మాటలు వల్లించవద్దని, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనుకోవద్దని యేసే చెప్పాడు. మాటిమాటికి అడగమనీ ఆయనే చెప్పాడు. ఈ రెండింటికీ పొత్తెలా కుదురుతుంది?

యేసు పట్టుబడే ముందు ప్రార్థించిన గెత్సేమనే తోటకు వెళ్లి చూడాలి. ఆ రాత్రి ఆయన మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. మూడోసారి కూడా ఆ మాటలే చెప్పాడని మత్తయి రాశాడు. అంటే ఒకే మాట తిరిగి చెప్పడం తప్పు కాదు. మనసు లేకుండా చెప్పడమే తప్పు. జ్వరంతో ఉన్న పిల్లాడు రాత్రంతా "అమ్మా" అనే అంటాడు. దాన్ని వల్లెవేయడం అనం కదా.

విధవరాలి ఉపమానంలో మన తెలుగు బైబిల్ ఒక చక్కటి మాట వాడింది. "మాటిమాటికి వచ్చి గోజాడకుండునట్లు" ఆమెకు న్యాయం తీరుస్తానని ఆ న్యాయాధిపతి అనుకుంటాడు. ఆమెకు భర్త లేడు, లంచమిచ్చే డబ్బు లేదు, సిఫారసు చేసే మనిషి లేడు. ఆమె దగ్గర ఉన్నదల్లా మర్నాడు మళ్లీ వెళ్లగల కాళ్లు. మండలాఫీసు మెట్ల మీద పింఛను కోసం కూర్చునే ముసలమ్మలను చూసినవాళ్లకు ఆమె ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు.

చాలామంది ఇక్కడ పొరపడతారు. దేవుడు ఆ న్యాయాధిపతి లాంటివాడని, విసిగిస్తే లొంగుతాడని అనుకుంటారు. ప్రభువు చెప్పింది దానికి తలకిందులు. దేవునికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని అలాంటివాడే చివరికి న్యాయం చేస్తే, తండ్రి చేయడా అన్నాడు. కాబట్టి మన పట్టుదల దేవుని చేయి మెలితిప్పడానికి కాదు. మరి ఎందుకు? నాకు అనుభవంలో తెలిసింది ఒక్కటే. రోజూ అదే విషయం ఆయన ముందు పెడుతుంటే, ఆ విషయంలో నేను దాచుకున్నవి ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. నిజాయితీ ఒక్కరోజులో పూర్తయ్యేది కాదు. మొదటి ఏడాది నేను చెప్పింది నిజమే గానీ పైపొర మాత్రమే.

అన్నయ్య విషయంలో నా నోట్ బుక్‌లో మొదటి ఏడాది అంతా "వాడి తాగుడు మానిపించు" అనే ఉంది. రెండో ఏడాదికి "నాకు వాడంటే అసహ్యంగా ఉంది, క్షమించు" అని వచ్చింది. ఇంకొన్నాళ్లకు "వాడి పక్కన కూర్చుని అన్నం తినే మనసు ఇవ్వు" అని రాశాను. ఆ నెల్లోనే ఒక రాత్రి వాడు ఆలస్యంగా వస్తే లేచి వెళ్లి చేపల పులుసు వేడిచేసి ఇద్దరికీ వడ్డించాను. ఏడేళ్ల తర్వాత మేమిద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం. వాడేమీ మాట్లాడలేదు. ముల్లు తీసిన ముక్క ఒకటి నా కంచంలో వేశాడు, చిన్నప్పుడు వేసినట్టే.

పాత మనవికి కొత్త ఊపిరి పోయాలంటే ఒక పద్ధతి ఉంది. ఆ రోజు చదివిన వాక్యంలోంచి ఒక్క మాట తీసుకుని దానితో మనవిని ముడివేయండి. కీర్తనలో "కాపరి" అని చదివితే "తప్పిపోయినవాడి వెంట వెళ్లే కాపరివి కదా, వాడి వెంట వెళ్లు" అనండి. మనవి అదే, తట్టే తలుపు కొత్తది. ఏలీయా కర్మెలు కొండ మీద వాన కోసం ప్రార్థిస్తూ సముద్రం వైపు చూసి రమ్మని దాసుణ్ణి ఏడుసార్లు పంపాడు. ఏడోసారికి కనబడింది కూడా మనిషి చెయ్యంత చిన్న మేఘమే. ఆరోసారి ఏమీ లేదన్న కబురు విని ఆపేసి ఉంటే? మన జీవితాల్లో ఏది ఆరోసారో, ఏది ఏడోసారో మనకు తెలియదు.

మన నేల మీద జరిగిందే ఒకటి చెప్తాను. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య 1836లో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా ఫలితం దాదాపు లేదు. 1853లో ఈ మిషన్‌ను మూసేయాలన్న చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉందని దానికి "లోన్ స్టార్" అన్న పేరు పడింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ మిషన్‌కు చెందిన లైమన్ జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, వారిలో ఇద్దరు స్త్రీలు, ఒంగోలు కొండ ఎక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఐదుగురే. 1862లో మళ్లీ మూసేయాలన్న మాట వచ్చింది. అప్పుడు అమెరికా వెళ్లి ఉన్న జూవెట్, మీరు మానేసినా నేను తిరిగి వెళ్తానన్నాడు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో, అంటే ఆ ప్రార్థనకు పన్నెండేళ్ల తర్వాత. 1876 నుంచి 78 దాకా భయంకరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశాడు. బాప్తిస్మం కావాలని జనం వస్తున్నా ఆ కరువు కాలంలో ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదనుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి చివర మాదిగపల్లెల వాళ్లు. ఇప్పటికీ ఒంగోలులో ఆ కొండను ప్రార్థన కొండగానే చెప్పుకుంటారు. ఆ సంఖ్యను అందరూ తలచుకుంటారు గానీ నాకు మాత్రం మధ్యలోని పన్నెండేళ్లే గుర్తొస్తాయి. ఆ ఏళ్లలో వాళ్లకు ఏమీ కనబడలేదు.

ఏడో మెట్టు: జవాబు రానప్పుడు, "కాదు" అని వచ్చినప్పుడు

ఆదివారం సాక్ష్యాల్లో జవాబు వచ్చిన ప్రార్థనలే వినబడతాయి. క్యాన్సర్ నయమైన అక్క నిలబడి చెబుతుంది. నయం కాక భర్తను పోగొట్టుకున్న అక్క వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటుంది. ఆమె కూడా అంతే ఏడ్చి ప్రార్థించింది. "నీకు విశ్వాసం చాల్లేదు" అన్న మాట ఆమెతో ఎవరైనా అంటే, అది సువార్త కాదు. దయచేసి ఎవరూ ఆ మాట అనకండి.

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ముల్లు పోయిందని ఎక్కడా రాయలేదు. పౌలుకు విశ్వాసం తక్కువా?

తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల్లో ఒకడైన అగస్టీను తల్లి మోనికా కథ నాకు ఎప్పుడూ ధైర్యమిస్తుంది. కొడుకు దారి తప్పాడని ఆమె ఏళ్ల తరబడి ఏడ్చి ప్రార్థించింది. 383లో అతను రోముకు వెళ్లాలనుకుంటే, వెళ్లనివ్వవద్దని కార్తేజు రేవు దగ్గర రాత్రంతా దేవుణ్ణి అడిగింది. ఆమె ప్రార్థనలో ఉండగానే అతను చెప్పకుండా ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అడిగింది ఆమెకు దక్కలేదు. కానీ ఆ ప్రయాణమే అతన్ని మిలాను చేర్చింది, అక్కడే బిషప్ అంబ్రోసు బోధ విన్నాడు, 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమె ఆ రాత్రి అడిగింది ఇవ్వకుండానే, ఎన్నేళ్లుగానో అడుగుతున్నది దేవుడు ఇచ్చాడని అగస్టీనే తర్వాత రాసుకున్నాడు. అందరి కథా అలా ముగియదు, అదీ తెలుసు నాకు.

జవాబు రాని కాలంలో ఏం చేయాలి? నోట మాట రాకపోతే 88వ కీర్తన బయటికి చదవండి, అంతే, ఆమేన్ అనండి. ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. మౌనంగా కూర్చున్నా ఆ పదిహేను నిమిషాలూ కూర్చోండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు రోజులది కలిపి చేయాలని చూడకండి, తప్పిందని చెప్పి మొదలుపెట్టండి. "కాదు" అని స్పష్టంగా తెలిసిపోయినప్పుడు, మనిషి పోయినప్పుడు, అవకాశం దాటిపోయినప్పుడు, ఆ మనవి పక్కన తేదీ వేసి, మీకెలా ఉందో ఆయనకే చెప్పండి. ఆయన మీద కోపం ఆయనకే చెప్పుకోవడం కూడా ప్రార్థనే.

ఎనిమిదో మెట్టు: మోకాళ్ల మీద నుంచి లేచాక

పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా యెరూషలేము ప్రాకారాలు కూలిపోయాయని యూదుల కిస్లేవు నెలలో విని కొన్ని రోజులు ఉపవాసంతో ప్రార్థించాడు. నీసాను నెల వచ్చేసరికి సుమారు నాలుగు నెలలు గడిచాయి. తర్వాత రాజు ముందు నిలబడి సెలవు అడిగాడు, అధికారులకు చీటీలు అడిగాడు, అడవి కాపరి దగ్గర మ్రానులు కావాలన్నాడు. అంత వివరంగా అడిగాడంటే ఆ నాలుగు నెలల్లో ప్రార్థనతోపాటు ఆలోచన కూడా చేశాడన్నమాట.

షుగర్ మందులు ఆపేసి ప్రార్థన చేసుకోమని ఎవరైనా అంటే వినకండి. మందు వేసుకుని ప్రార్థించండి. భర్త కొడుతుంటే "ఓర్చుకుని ప్రార్థన చెయ్యి తల్లీ" అనే సలహా కొన్ని చోట్ల ఇంకా వినబడుతోంది. ముందు పిల్లల్ని తీసుకుని క్షేమంగా ఉండే ఇంటికి వెళ్లండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. అతని కోసం ప్రార్థన అక్కడి నుంచైనా చేయవచ్చు. అప్పు ఎగ్గొట్టి దీవెన అడుగుతుంటే, ముందు అప్పిచ్చినవాడి ఇంటికి వెళ్లండి. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణను బలిపీఠం ముందే వదిలి వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది.

తొమ్మిదో మెట్టు: ఒక్కరినైనా తోడు తెచ్చుకోవడం

వాట్సాప్ ప్రార్థన గ్రూపుల్లో విన్నపం పెట్టగానే యాభై చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. అదీ మంచిదే. కానీ పూర్తి సంగతి చెప్పుకోవడానికి ఒక్కరు కావాలి, విని ఊరంతా చెప్పనివారు. వారానికోసారి అరగంట కలవండి, దుబాయ్‌లో ఉంటే ఫోన్‌లోనైనా. "ఆ విషయం ఏమైంది?" అని అడిగే మనిషి ఉంటే పట్టుదల సగం సులువవుతుంది. మా అమ్మకు అలాంటి మనిషి పక్కింటి పిన్ని. ఇద్దరూ శుక్రవారం ఉపవాసముండి, సాయంత్రం మా పెరట్లో మునగచెట్టు కింద చాప వేసుకుని కూర్చునేవారు. పిన్నికి చదువు రాదు. అమ్మ చదివితే ఆమె వినేది, ఆమె ఏడిస్తే అమ్మ వీపు నిమిరేది.

అన్నయ్య పూర్తిగా మానలేదు. నాలుగు నెలలు మానాడు, మళ్లీ పట్టాడు, ఇప్పుడు మళ్లీ రెండు వారాలుగా ముట్టలేదు. సెంటర్‌కు ఒకసారి వచ్చాడు. నోట్ బుక్‌లో ఆ మనవికి ఎదురుగా ఉన్న కుడి పేజీలో నాలుగు తేదీలు ఉన్నాయి, వాటిలో రెండు కొట్టివేసి ఉన్నాయి. పేజీ కింది భాగం ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మకు మోకాళ్లు అరిగాయి, డాక్టర్ నేల మీద కూర్చోవద్దన్నారు. ఇప్పుడు బియ్యం డబ్బా పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటోంది. పొద్దున కూడా పక్కగదిలోకి ఆమె గొంతు వినబడింది: "అయ్యా, వాడు రాత్రి త్వరగానే పడుకున్నాడు. ఇవాళ కూడా చూసుకో."